పక్కపిన్నులు, ఒక అట్ట

తిరుపతి పాలిటెక్నిక్కులో
ఎలక్ట్రానిక్స్ ల్యాబు తాళాలు పంతొమ్మిదేళ్లుగా నా నడుముకే.
ఆర్డునో బోర్డులు ఇరవై రెండు, పనిచేసేవి పదిహేడు.
అల్ట్రాసోనిక్ కళ్లు తొమ్మిది జతలు.
మట్టి తేమ కొలిచే ఫోర్కులు మూడు, తుప్పు పట్టినవి.
ఎల్ఈడీలకు లెక్క లేదు, అవి చాక్లెట్ల మాదిరి పోతాయి.
ఏది తీసుకున్నా రిజిస్టరులో సంతకం,
మార్చి ఆఖరుకు తిరిగి ఇచ్చేయాల.

ఫైనలియర్ పిల్లకాయలు వస్తారు.
మూత తనంతట తానే తెరుచుకునే చెత్తబుట్ట
ఏటా నాలుగు బ్యాచులు.
చీకటి పడితే వెలిగే వీధిదీపం, ఏటా మూడు.
కొందరు బస్టాండు దగ్గర అంగట్లో
రిపోర్టుతో సహా కొనేస్తారు,
మూడో పేజీలో ఎవరివో పాత పేర్లు చెరపడం మర్చిపోయి.
నేనేమీ అనను. నా పని తాళాలు.

గజలక్ష్మి మాత్రం
ఏకాంబరకుప్పం నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చేది,
జడలో ఎప్పుడూ రవంత దూది.
వాళ్ల నాయన నాలుగు మరమగ్గాలకు ఒక్కడే మనిషి.
పడుగులో పోగు తెగితే మగ్గం చెప్పదు,
తన పాటికి తాను నేసుకుంటా పోతుంది.
జానెడు గుడ్డ పాడైనాక గానీ కంటికి ఆనదు.
పాడైన జానెడుకు కూలి కోత.

"పోగు తెగితే తెలియాల సార్" అనింది.
అంతే, ఆ పిల్ల ప్రాజెక్టు రిపోర్టు.

మొదట ఐఆర్ సెన్సర్లు ఆరు పట్టుకుపోయింది.
సోమవారం తిరిగొచ్చినాయి, ఒక్కోదానికి తెల్లటి రెప్పతో.
మగ్గం గదిలో అరగంటకే దూది కమ్మి గుడ్డివైనాయంట.
పాత టూత్‌బ్రష్షుతో తుడిచి డబ్బాలో పెట్టినాను.
తర్వాత లేజరు అడిగింది. అదీ అంతే.
రెండు వారాలు సాల్డరింగ్ బల్ల ముందు
రోజనం పొగలో ఊరికే కూచునేది,
జడ విప్పుకుంటా, అల్లుకుంటా.

ఒక మధ్యాహ్నం పిన్ను పళ్ల మధ్య పట్టుకొని
ఉన్నట్టుండి నవ్వింది.

పోగుకొక పక్కపిన్ను తగిలిస్తే
పోగు బిగువుగా ఉన్నంతసేపూ అది వేలాడుతుంది.
తెగిందా, జారి కింద రాగిరేకు మీద పడుతుంది,
సర్క్యూటు కలుస్తుంది.
దూది పడితే పిన్నుకేం?
మూడు వేల పోగులకు పిన్నులు ఎక్కడ తెచ్చేది,
అంచు దగ్గర, జాస్తిగా తెగే నలభైకే కట్టింది.

పరీక్షకు బయటినుంచి వచ్చినాయన
కట్టె ఫ్రేముకు బిగించిన పోగుల్ని
కళ్లద్దాలు ఎత్తి చూసినాడు.
"సెన్సరేదమ్మా?"
"పక్కపిన్ను సార్."
"బజరేది? మోగాల గదా?"
"మోగినా వినబడదు సార్."
"ఎవరికి?"
ఆ పిల్ల చెప్పలేదు.
ఇరవై ఆరేళ్లు మగ్గాల మోతలో నిలబడిన చెవుల సంగతి
వైవాలో ఏ ప్రశ్న కింద చెప్పాలో తెలియక.
సబ్బుపెట్టె ఒకటి ఆయన అరచేతిలో పెట్టి
బ్లేడుతో ఒక పోగు తెంచింది.
పిన్ను పడింది. చప్పుడు లేదు.
ఆయన చెయ్యి మాత్రం జెర్రి పాకినట్టు ఎగిరింది.
లోపల, చచ్చిన ఫోనునుంచి పీకిన వణుకు మోటారు.
ఆయన సబ్బుపెట్టెను వెంటనే ఇవ్వలేదు.
ఇంకొకటి తెంచమన్నాడు.
ఇంకొకటి.

మార్చి ముప్పై.
వస్తువులు అప్పజెప్పే వరసలో ఆ పిల్ల కూడా నిలబడింది.
బోర్డులు రెండు, రేడియో ముక్కల జత,
దినపత్రిక కాగితంలో చుట్టి.
మగ్గం మీదనుంచి విప్పుకొచ్చినట్టుంది,
వైర్ల కొసల్లో ఇంకా దూది.
"నాయన ఏమన్నాడు?" అని అడిగినాను.
"ఏమీ అన్లేదు సార్.
ఊరికే జేబు తడుముకుంటా ఉండాడు."

రిజిస్టరు నా పక్కకు తిప్పుకున్నాను.
పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఎర్రసిరాతో అబద్ధం రాసినాను:
బోర్డులు రెండు, రేడియో జత ఒకటి, కాలిపోయినవి, రద్దు.
పొట్లం వెనక్కి తోసినాను.
"రైలు టైమయింది, పోమ్మే."

జూన్‌లో సర్టిఫికెట్టుకు వచ్చినప్పుడు
బల్ల మీద ఒకటి పెట్టి, ఏమీ చెప్పకుండా పోయింది.
దాన్ని ఏ పేజీలో ఎక్కించాలో చానాసేపు తెలీలేదు.
చివరికి సెన్సర్ల పేజీ తీసి,
అల్ట్రాసోనిక్ కళ్ల కింద, నీలం సిరాతో:
పక్కపిన్నులు, ఒక అట్ట.
పనిచేస్తాయి.