రెన్నర్ కొట్టు బోర్డు

ఇంగ్లిషు అక్షరాలకు తలకట్లు ఉండవు.
గుణింతం చెయ్యి పట్టుకోదు, ఒత్తు కాలికి అడ్డం పడదు.
ఒక్కొక్కటీ ఒంటరి అద్దెదారు.
రాత్రికి రాత్రి గది ఖాళీ చేసి
పక్క గదిలో దూరిపోగలదు.

నార్త్ షీల్డ్స్ రేవులో
మావిస్ రెన్నర్ చేపల వేపుడు కొట్టు ముందు
గాడులు తీసిన నల్ల బోర్డు మీద
అలాంటివే, తెల్ల ప్లాస్టిక్కువి.
బిస్కెట్ డబ్బాలో ఇంకొన్ని.
ఇ లు ఎప్పుడూ చాలవు.
ఒక డబ్ల్యూని తలకిందులు చేసి ఎమ్ అనిపించారు.

మొదట పోయింది ఓపెన్.
చివరి ఎన్ వచ్చి ముందు కూచుంది:
నోప్.
తలుపు బార్లా తెరిచి, లోపల నూనె సలసల కాగుతూంటే
"ఉహూఁ" అంటోంది కొట్టు.

మర్నాడు పీస్ ఉన్నచోట ఏప్స్.
మెత్తగా ఉడికించిన బఠాణీలు
మెత్తగా ఉడికించిన కోతులయ్యాయి.
ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్లు రెండేసి కప్పులు అడిగారు.

శుక్రవారం హాడాక్ కోసం వచ్చిన పాస్టరు గారు
కుక్కలకు ప్రవేశం లేదన్న వరుస చదివి,
మళ్లీ చదివి, టోపీ తీశారు.
డాగ్స్‌లో డీ, జీ చోట్లు మార్చుకున్నాయి, అంతే.
దేవుళ్లకు ప్రవేశం లేదట.
"మరి నన్ను రానిస్తావా?" అని అడిగి
వెనిగర్ కొంచెం ఎక్కువే పోయించుకున్నారు.

ఎవరి పనో మావిస్‌కు తెలుసు.
బంగాళాదుంపల చెక్కు తీసే పదిహేనేళ్ల బ్రయన్.
పేరు అడిగితే బి దగ్గరే ఆగిపోతాడు.
పెదాలు అతుక్కుంటాయి, మెడ నరం ఉబ్బుతుంది,
అడిగినవాళ్లే సిగ్గుపడి పొట్లం అందుకుని పోతారు.
నోట్లో కదలని అక్షరాలు
వేళ్లలో మాత్రం చేపపిల్లల్లా జారతాయి వాడికి.

చూసీ చూడనట్టు ఊరుకుంది ఆమె.
సోల్ దాకా.

సోల్ ఒక చేప. చదునుగా, ఇసుక రంగులో, ఖరీదెక్కువ.
ఎస్‌నీ ఎల్‌నీ అటూ ఇటూ చేస్తే లూజ్.
పోగొట్టుకోవడం.
వాడికేం తెలుసు, గల్లాపెట్టె పైన ఫొటోలో ఉన్న పడవ
ఏ ఫిబ్రవరిలో వెళ్లిందో, అందులో ఎవరున్నారో.

ఆమె ఏమీ అనలేదు.
చలిలో స్టూలు వేసుకుని, వట్టి చేతులతో
నాలుగక్షరాలూ పీకి ఏప్రన్ జేబులో వేసుకుంది.
వారం రోజులు ఆ వరుస ఖాళీ.

వాడు సారీ చెప్పబోయాడు. ఎస్ దగ్గర ఆగిపోయాడు.
ఆమె కదలకుండా నించుంది,
ఆ మాట బయటపడేదాకా.
మాట పూర్తి కాలేదు. చేపలు మాడాయి.

లోపల, కోట్లు తగిలించే మేకుల పక్కన
పనివాళ్ల పేర్ల పలక ఒకటి ఉంది.
సోమవారం వాడు వచ్చేసరికి
తన పేరులో ఆర్ చోట ఎ, ఎ చోట ఆర్.

స్కూల్లో ఒక మాస్టరు వేరేలా కలిపి
బ్రెయిన్ అని పిలిచేవాడు, లేదని గుర్తుచెయ్యడానికి.
ఇది అది కాదు.
బెయిర్న్.
పెద్ద నిఘంటువు దీన్ని మాండలికం అని పక్కన కూచోబెడుతుంది.
ఆ ఒడ్డున ముసలివాళ్లు మాత్రం రోజూ వాడతారు,
వానలో ఆడేవాణ్ణి లోపలికి పిలవడానికి,
ఆలస్యంగా వచ్చినవాణ్ణి తిట్టడానికి.
బిడ్డ అని అర్థం.

వాడు చాలాసేపు చూశాడు.
వేలితో నడిమి ఐ ని కాస్త నిటారుగా సర్దాడు.
"దుంపలు వాటంతటవే చెక్కు తీసుకోవు"
అంది మావిస్, వెనక్కి తిరక్కుండా.

బయట బోర్డు మీద సోల్ మళ్లీ వచ్చింది.
ధర పది పెన్నీలు పెరిగింది.