నిశానీ

జేబెజ్ థ్రాల్‌కి ఏడు పేజీలున్నాయి.
పొలం హద్దులు, పందుల చెవులకి కోసిన గుర్తు,
చర్చిలో అతను కూర్చునే బల్ల,
పొరుగువాడి కంచె విరిచినందుకు కట్టిన అయిదు షిల్లింగులు.
ఆమెకి ఒక్క ముక్క:
“భార్య మెహిటబుల్.”
ఎవరింటి పిల్లో రాయలేదు.
పెళ్ళి రాసిన ఆకుని
రెండు వందల యాభై ఏళ్ళలో ఎప్పుడో ఒక రాత్రి
ఎలుక తినేసింది.

మూడు శుక్రవారాలుగా వస్తున్నాను
కనెటికట్ నది పక్క ఈ టౌన్ ఆఫీసు నేలమాళిగకి.
బయట మంచు కరిగి బురదైంది.
లోపల తోలు అట్టల వాసన,
గుమస్తా డన్‌ఫీ గారి దగ్గు.

జేబెజ్ పోయాక ఇంట్లో సామాను లెక్క రాశారు:
ఇత్తడి కాగు, చిల్లుది.
రాట్నం.
ఈకల పరుపు.
విధవ వాటాకి ఆవులో సగం.
ఆవులో సగం!
మిగతా సగం పెద్దకొడుకుదట.
పాలిచ్చే సగం ఎవరిదో
కాగితం చెప్పలేదు.

అడుగున, సంతకం ఉండాల్సిన చోట
ఆమె నిశానీ.
అందరూ గీసే ఇంటూ గుర్తు కాదు.
మూడు గీతలు, ఒక కాడ,
తడినేల మీద బాతు అడుగు పడ్డట్టు.

నాలుగో శుక్రవారం
వేరే పెట్టె, వేరే ఊరి దస్తావేజు.
ఓబదయా స్టెబిన్స్ చిత్తడి నేల అమ్ముతున్నాడు,
భార్య హోప్‌స్టిల్ తన హక్కు వదులుకుంటోంది.
కింద
బాతు అడుగు.
కాడ అలాగే కాస్త ఎడమకి ఒరిగి.

ఇది రుజువు కిందకి రాదన్నారు డన్‌ఫీ.
నాకూ తెలుసు.
కానీ ఆ ఒరుగుడు ఊరికే రాదు.
రొట్టె పిండి చల్లిన బల్ల మీద
ఎవరో ఒకరి వేలు పట్టుకుని దిద్దించి ఉండాలి,
అవతల మగపిల్లలు బడికి పోయిన వేళ.

మెహిటబుల్ స్టెబిన్స్ అని పెన్సిల్‌తో రాసుకున్నాను,
పక్కన ప్రశ్న గుర్తు, చిన్నది.
పై గడిలో హోప్‌స్టిల్.
ఆ పక్కన మళ్ళీ ఖాళీ.
స్టెబిన్స్ కూడా మొగుడి ఇంటిపేరేగా.

కాపీకి డాలరు. రెండు తీయించాను.
“రసీదు ఏ పేరున రాయమంటారు?”
“కోరిన్,” అన్నాను.
“కోరిన్...?”

విడాకులై పదకొండేళ్ళు.
లైసెన్సు మీద, కరెంటు బిల్లు మీద
ఇంకా అతని పేరే;
మార్చాలంటే ఎన్ని ఫారాలో అని వదిలేశాను.

డన్‌ఫీ పెన్ను పైకెత్తి చూస్తున్నారు.
హీటరు గొట్టంలో నీళ్ళు గురగురలాడుతున్నాయి.