తాకట్టు చిట్టా

విజయనగరం రికార్డు గదిలో మధ్యాహ్నం.
ఫసలీ అంకెను చెద మింగింది,
పక్కన హేవిళంబి మిగిలింది.
కరణం రాత ముత్యాల కోవ:
"వానలు సకాలం. పంట పన్నెండణాలు. శిస్తు పూర్తిగా వసూలు."

నమ్మేసేవాణ్ణే,
చీపురుపల్లి షావుకారు మునిమనవడు
అటక మీంచి తాకట్టు చిట్టా దించకపోతే.

అదే ఊరు. అదే హేవిళంబి, ఆశ్వయుజం.
లెంక సన్యాసమ్మ, కంచు గిన్నె ఒకటి.
మజ్జి పైడయ్య, నాగలి కర్రు.
మళ్ళీ సన్యాసమ్మ,
కాలి కడియాలు రెండు, ఒకటి సొట్ట.
ఆ కింద ఓ చంటిదాని వెండి మొలతాడు,
పేరు ఉండాల్సిన చోట వేలిముద్ర.
విడిపించినట్టు ఎక్కడా గీత లేదు.

పన్నెండణాలు పండిన ఊళ్ళో
కర్రు కుదువ పెట్టేదెవరు?

'కరణం అబద్ధం రాశాడు' అని నోటుబుక్కులో రాసుకున్నాను.
పేజీ తిప్పితే చెయ్యి ఆగింది.
కుడివైపుకి ఎగిరే ఆ తలకట్టు
నాకు తెలుసు.
పగలు దివాణానికి, రాత్రి షావుకారుకి
రాసింది ఒకే కలం.

నా వాక్యం కొట్టేశాను.
ఎవరికి జడిసి అది రాశాడో,
ఎంత కూలికి ఇది రాశాడో
ఏ కాగితమూ చెప్పదు.

ఒకటి సొట్ట అని
రాయకపోయినా జరిగిపోయేది.
రాశాడు.
అక్కడ మాత్రం ఆ చేతిని నమ్ముతాను.