సున్నా యూనిట్లు

స్వరూపా,
పద్నాలుగు లక్షలు కూడబెట్టినవట,
ఎర్రగడ్డ ఆసుపత్రిల రాత్రి డ్యూటీలు చేసి చేసి.
చిన్న ఫ్లాటు కొని కిరాయికిస్తనంటున్నవు.
నన్నెందుకు అడుగుతున్నవో తెలుసు:
ముప్పై ఏండ్లు ఈ పట్నంల
కరెంటు మీటర్లు చదివినోణ్ణి.

చెప్త, విను.
బ్రోకరు లిఫ్టు చూపిస్తడు, బాల్కనీ చూపిస్తడు,
మెట్రో కూతవేటు దూరమంటడు.
నువ్వు మెట్ల కిందికి పో.
బూజు పట్టిన మీటర్ల డబ్బా ఉంటది.
సెల్లు లైటేసి అంకెలన్నీ రాసుకో,
వారం తర్వాత మళ్లొచ్చి చూడు.
అంకె కదలని ఇంట్ల మనిషి లేడు.
ఇరవై మీటర్లల్ల ఏడు కదలకపోతే
ఎనిమిదోది నీదైతది.

ఇంకోటి.
ఎండ పూట పోకు,
వాన దంచిన మర్నాడు పో,
చెప్పులు చేతిల పట్టుకొని.
సెల్లారు గోడకు నీళ్లు నిలిచిన గీత
ఎన్ని పూతలేసినా దాగదు.
అది నీ మోకాలు దాటితే
మాట్లాడకుండ వెనక్కి తిరుగు.
కిరాణా కొట్టాయన్ను అడుగు,
ఏప్రిల్‌ల ట్యాంకర్లు ఎన్నొస్తయని.
వాచ్‌మన్ పెండ్లాన్ని అడుగు,
మూడో అంతస్తోళ్లు ఎందుకు ఖాళీ చేసిన్రని.
అమ్మెటోణ్ణి మాత్రం ముచ్చట్లు అడగకు,
కాయితాలు అడుగు.
ముప్పై ఏండ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు
వకీలుతోని చదివించు,
ఆయన ఫీజుకు ఏడ్వకు.

ఇగ లెక్క.
ముప్పై ఆరు లక్షల ఫ్లాటు,
కిరాయి పదకొండు వేలు.
దాన్ని పన్నెండుతోని కొట్టకు, పదితోని కొట్టు.
ఒక నెల తాళానికి,
ఒక నెల సున్నానికి, కాలిపోయిన మోటరుకు, ఇంటి పన్నుకు.
బ్యాంకు కిస్తీ ఇరవై రెండు వేలు.
అంటే సగం కిరాయిదారు కడ్తడు,
సగం నీ నిద్ర కడ్తది.
తాళం పడ్డ నెల మొత్తం నీ నిద్రే.
నీ పద్నాలుగుల మూడు
రిజిస్ట్రేషన్ కాడనే కరిగిపోతయి.
ఆరు కిస్తీలు వేరే ఖాతాల పెట్టి మర్చిపోవాలె.
లేవా?
ఇంకో ఏడాది ఆగు. పట్నం యాడికి పోదు.

కొన్నంక,
ఇల్లడగ వచ్చినోళ్లను
ఏం తింటరు, మీరేమిట్లు అని అడగకు.
ఏం పని, ఎన్నేండ్ల సంది, పాత ఓనరు నంబరెంత,
ఇవి అడుగు. ఫోన్ చేసి మాట్లాడు.
పదకొండు నెలల అగ్రిమెంటు,
అడ్వాన్సుల ఏది కోస్తరో, ఏది కొయ్యరో
ముందే రాసుకోన్రి.

ఈ మాట ఊకె అంటలేను.
చిలకలగూడల పంతొమ్మిదేండ్లు
ఒక్క పోర్షన్ల ఉన్నం మేము.
ఖాళీ చేసిన రోజు ఓనరు నర్సింగరావు
పెన్సిలు పట్టుకొని గోడగోడకు తిరిగిండు,
మేకు గుంత కనబడ్డ కాడల్లా సున్న చుట్టిండు.
పదిహేడు.
నాలుగు మా పిల్ల దోమతెరవి.
ఒకటి మా అవ్వ ఫొటోది.
ఒకటి ఎందుకు కొట్టిన్నో
నాకే యాదికి రాలే.
మేకుకు వంద,
పదిహేడు వందలు కోసిండు.
నేనేమనలే. సామాను ఆటో కింద ఎదురుచూస్తుండె.

తర్వాత ఐదు నెలలు
ఆ పోర్షనుకు బోర్డు యాలాడింది.
నాకెట్ల తెలుసంటవా?
ఆ గల్లీ మీటర్లు నేనే చదివేది.
నెలనెలా గేటు తీసి,
అదే డబ్బా ముంగట నిలబడి
రాసేటోణ్ణి:
సున్నా.
సున్నా.
ఆయన వరండాల కుర్చీల కూసొని
బిల్లెంతొచ్చిందని అడిగేటోడు.

ఓనరు కావుడంటే ఏందో
నాకు తెల్వదు స్వరూపా,
గిప్పటికీ కిరాయింట్లనే ఉన్న.
ఖాళీ ఇల్లు ఎట్లుంటదో మాత్రం తెలుసు.
అందుకే, ఎవరన్న మేకు కొట్టుకుంటమంటే
సుత్తి లేదా అని అడుగు.

రిజిస్ట్రేషనైన వారంల మీటరు
నీ పేరు మీదికి మార్పించుకో,
పాత బాకీ ఉంటే నీ మెడకు చుట్టుకుంటది.
ఆ ఆఫీసుల నన్నింకా గుర్తుపడ్తరు.
చూసొస్తమంటే శనివారం ఖాళీగున్న.
టార్చి నేను తెస్త,
నీ సెల్లు లైటు ఆ మూలకు చాలదు.