నొక్కు, వదులు

కారు కింద నుంచి పానాతో ఒకసారి కొడితే
బ్రేకు నొక్కమని.
రెండుసార్లు కొడితే వదలమని.
మొదటిరోజు నేను లెక్క తప్పి వదిలేస్తే
గొట్టంలోకి మళ్లీ గాలి చేరింది.
ఆయన పాక్కుంటూ బయటికొచ్చి
నా వంక చూశాడు.
తిట్టడానికి గొంతు లేదు గదా,
చూపుతోనే సరిపెట్టుకున్నాడు.

మాలకొండయ్య నోరు తెరిస్తే
కందుకూరు మొత్తం వినేది ఒకప్పుడు.
సినిమా మారిందన్నా, రేపు కరెంటు ఉండదన్నా,
ఎర్రచొక్కా పిల్లోడు తప్పిపోయాడన్నా
ఈ అంబాసిడర్ టాపు మీద రెండు మైకులు,
లోపల ఈయన.
ఆపరేషన్‌కి ముందు డాక్టరు
ఏం తీసేస్తున్నాడో కాగితం మీద బొమ్మేసి చూపించాడు.
ఆ బొమ్మ కిందే సంతకం పెట్టాను నేను.

తొమ్మిదేళ్లు రేకుల కొట్టంలో పడుంది కారు.
వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి.
పాత ఇనపసామాన్లోడు కాటా తెచ్చుకుని
మూడుసార్లొచ్చి పోయాడు.
నాలుగోసారి వాడొచ్చేసరికి
ఈయన కార్బ్యురేటర్ ఊడదీసి
నా ఇడ్లీపిండి గిన్నెలో పెట్రోలు పోసి కడుగుతున్నాడు.
ఆ గిన్నె మళ్లీ వంటింటి మొహం చూడలేదు.

ఫ్లోరు తుప్పు పట్టి
కాలు దూరేంత బొక్క.
సుభాని గ్యాసుబండి తోసుకొచ్చి
గ్రీజు డ్రమ్ము రేకు కోసి అతికాడు.
సగం అక్షరాలు పైకే ఉన్నాయి.
"మ్యాటు పరిస్తే కనపళ్లేదులే పెద్దమ్మా" అన్నాడు.
సీటు కింద గులాబీ రంగు కరపత్రాలు,
మాలకొండకి శనివారం బస్సులన్న కాగితం,
గొంతు కోసం చప్పరించే మిరియాల బిళ్లల డబ్బా,
ఇంకా సగం నిండుగా.
ఆయన మూత తీసి, వాసన చూసి
ఒకటి నోట్లో వేసుకున్నాడు.

మాస్టర్ సిలిండర్ నెల్లూర్లో లేదు, ఒంగోల్లో లేదు.
రైలెక్కి మద్రాసు పోయాం, పుదుప్పేటకి.
అరవం రానోళ్లందరూ అక్కడ
చేతుల్తోనే బేరమాడతారు.
ఆ ఒక్కరోజు ఈయనకి ఎవరి కన్నా ఏం తక్కువ కాలేదు.
పన్నెండొందలు చెప్పింది ఏడొందలకి తెచ్చాడు.

టాపుకి రెండు బెజ్జాలు,
మైకులు బిగించిన బోల్టులవి.
వాన పడితే సరిగ్గా డ్రైవరు నెత్తిన కారేది.
పూడ్చేద్దామని సుభాని మంట కూడా వెలిగించాడు.
ఈయన మెడ మీది తువాలు సవరించుకుని
తల అడ్డంగా ఊపాడు.
రబ్బరు వాచర్లేసి, రెండు బోల్టులూ
తనే పైకెక్కి బిగించుకున్నాడు.
ఎందుకని నేనూ అడగలేదు.

బ్రేకిన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూశాడు.
"నంబరేమో ప్రకాశం, ఊరేమో నెల్లూరులో కలిసిపాయె.
ఇంతకీ ఏ జిల్లా కారమ్మా ఇది?"
"కందుకూరుది" అన్నాను.
హారను కొట్టమన్నాడు.
కొట్టాడు.
అడక్కుండానే ఇంకోసారి కొట్టాడు.

నిన్న సాయంత్రం రోడ్డెక్కాం.
రెండో గేరు. ముల్లు ఇరవై దాటదు.
వెనక ఆటోలు, పాలబండి, బూతులు.
కాస్త తోలయ్యా అంటే వింటేగదా.
ఇరవయ్యేళ్ల పైన ఆ నడకే నడిపినోడు,
మాట వీధి చివరి గడప దాకా అందాలంటే
బండి అంతే పోవాల.

పెద్దబజారు మలుపులో ఒక ముసలామె
బియ్యం చాట కింద పెట్టి
అరుగు మీదికొచ్చింది.
చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడింది,
ఏం చెప్తారోనని.

ఈయన బ్రేకు నొక్కాడు.
జానెడు కూడా జారకుండా ఆగింది.
ఆమె చూస్తా ఉంది.
ఈయనా చూస్తా ఉన్నాడు.
వెనకాల లారీవోడు హారను మీద చెయ్యి తియ్యడు.

నేను డాష్‌బోర్డు మీద
వేలితో
రెండుసార్లు కొట్టాను.