సీటు కింద స్విచ్చి

కడియపులంక లాన్ మడిలో
స్టీరింగు లేని బండి మీద కూర్చుంటాను.
రెండు చేతులకీ రెండు కడ్డీలు.
రెండూ నెడితే ముందుకి.
ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ అంటే
ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది.
మొదటి వారం
అరెకరం గడ్డి మీద పిచ్చి ముగ్గులేశాను.

మంచు ఆరేదాకా తాళం జేబులోనే.
తడి గడ్డి మీద చక్రం మాట వినదు.
కాలవ గట్టు వాలు మాత్రం కొడవలిదే:
రెండు బారల ఇవతలే బండి ఆపి,
దిగి, వంగి, పాత పద్ధతి.

ఏరకుండా వదిలేసిన గులకరాయి
బ్లేడుకి తగిలితే తూటా.
మామిడంట్లకి నీళ్ళు పోసే మంగతాయారు
బిందె ఎత్తుకుని షెడ్డు దాటేదాకా
బ్లేడు తిప్పను.

బండి అమ్మినవాడు చెప్పని సంగతి
మూడోరోజు దొరికింది.
సీటు కింద స్విచ్చికి
ఎవరో రాగి తీగ చుట్టారు,
మనిషి లేచినా ఇంజను ఆగకుండా.
ఎంత తొందరో!
ఏసుపాదం వచ్చి చూశాడు.
మూడు వేళ్ళే మిగిలిన చేత్తో
తీగ విప్పి కాలవలోకి విసిరేశాడు.
ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.

శనివారం ప్లగ్గు వైరు పీకేసి
డెక్కు కింద పేరుకున్న పచ్చి ముద్దని
చెక్కపేడుతో గీకుతాను, చేత్తో కాదు.
ఫిల్టరు దులిపితే
గుప్పెడు గోదారి ఇసక.

నేను లేచి వెళ్ళిపోతే
ఈ ఊళ్ళో ఏదీ ఆగదు,
పావలా వడ్డీతో సహా.
ఇదొక్కటే
నా బరువు తగ్గిందని తెలిసి
ఠక్కున నోరు మూసుకుంటుంది.