హెల్దుర్ పడవ

ఫిబ్రవరి మూడో శనివారం.
మా కొండకీ నీళ్లకీ ఏ చుట్టరికమూ లేదు.
అయినా పొద్దున్నుంచీ కార్ల నెత్తికెక్కి పడవలు వస్తున్నాయి,
ఎర్రవి, నారింజవి,
పచ్చి బఠాణీ రంగులో ఒక్కటి. అది మా తమ్ముడిది.

దక్షిణ ఎస్తోనియాలో ఈపాటి మెరక దొరకడమే గొప్ప.
పరాయివాళ్లు చూస్తే దిబ్బ అంటారు.
మేం కొండ అంటాం,
దాని మీంచి కయాకుల్లో కూర్చుని మంచు మీద జారతాం.
ఎందుకని అడిగినవాళ్ల చేతిలో
వేడి బఠాణీ సూపు గిన్నె పెడతాం.
ఓడ బండి అయ్యే రోజు
ఏడాదికి ఒక్కటే మాకు.

ఉపవాసాల ముందు మంగళవారం
ఎవరు ఎంత దూరం జారితే
వాళ్ల చేలో అవిసె అంత పొడుగు లేస్తుందనేది అమ్మమ్మ.
ఇప్పుడు అవిసె ఎవరూ వెయ్యరు.
జారడం మాత్రం మానలేదు.

హెల్దుర్‌కి నీళ్లంటే భయం.
ఏడేళ్లప్పుడు, మోకాటిలోతు సరస్సులో,
ఏదో చేప పిక్కకి రాసుకుందని ఒడ్డుకి పరిగెత్తాడు.
యాభై మూడేళ్లయింది,
ఇంకా ఒడ్డునే ఉన్నాడు.
సౌనాలోంచి పొగలు కక్కుతూ మేమందరం చెరువులో దూకుతుంటే
వాడు గుమ్మంలో నిలబడి
గరిటెతో భుజాల మీద పోసుకుంటాడు, లెక్కపెట్టి.

అలాంటి మనిషి కయాక్ కొనుక్కొచ్చాడు.
నీకెందుకురా ఇది అంటే నీళ్లు నమిలాడు.
వాడు భయపడకుండా నోట్లో పెట్టుకున్న నీళ్లు
బహుశా అవే.

నిన్న రాత్రి దాని అడుక్కి మైనం పట్టించాడు
అమ్మ పాత ఇస్త్రీపెట్టెతో,
అంచుల దగ్గర ఆగి ఆగి,
తన చొక్కాకి ఏనాడూ చెయ్యనంత శ్రద్ధగా.
నేను పక్కనే కూర్చుని ఉన్నాను.
అప్పుడైనా చెప్పాల్సింది.

ఈసారి కొండ దిగువన, గెలుపుతాడుకి ఇవతల,
ఫైర్ ఇంజను కుర్రాళ్లు గొయ్యి తవ్వి నీళ్లు నింపారు.
నాలుగు బారల గొయ్యి, నడుంలోతు.
చూసేవాళ్లకి సరదాగా ఉంటుందని.
నాకు తెలుసు. గడియారం పట్టుకునేది నేనే కదా.
చెబితే వాడు రాడు.

విజిల్.
నాలుగు పడవలు ఒకేసారి ముక్కులు వంచాయి.
పళ్ల డాక్టరు ఐవి మొదటి మలుపులోనే వెనక్కి తిరిగిపోయి
అలాగే, మా అందరికీ చెయ్యూపుతూ, గడ్డివామిలోకి వెళ్లింది.
సరిహద్దు దాటి వచ్చిన గుంటిస్
నిజం నదుల మీద కప్పులు గెలిచినవాడు.
తెడ్డుతో మంచుని బతిమాలుతున్నాడు,
మంచుకి ఆ భాష రాదు.
మా వాడికి ఏ నదీ ఏమీ నేర్పలేదు, మర్చిపోవడానికి ఏమీ లేదు.
మోకాళ్లు బిగించి, నోరు తెరిచి,
దేవదారుల మధ్యనుంచి
బఠాణీ గింజ పళ్లెంలో దొర్లినట్టు వచ్చాడు.

అప్పుడు చూశాడు.

తెడ్డు నిలువునా గుచ్చాడు.
పడవ అడ్డం తిరిగింది, మంచు తెరలా లేచింది,
తెర పడేసరికి
నీళ్లకి జానెడు ఇవతల ఆగి ఉన్నాడు.
పక్కనుంచి గుంటిస్ దబ్బున గోతిలో పడి
అందరినీ తడిపి, తాడు తెంపుకుపోయాడు.

ఎవరో నవ్వబోయి ఆగారు.
హెల్దుర్ పడవలోంచి లేవలేదు.
చాలాసేపు ఆ గుంటని చూశాడు.
చేతి తొడుగు పళ్లతో లాగి,
ఒంగి, రెండు వేళ్లు ముంచాడు.

"చల్లగా ఉంది," అన్నాడు,
మాకెవరికీ తెలియని కబురేదో చెబుతున్నట్టు.

తరవాత నా వైపు చూశాడు.
నేను సూపు గిన్నె వైపు చూశాను.

పడవ భుజాన వేసుకుని
కొండెక్కుతున్నాడు, రెండో రౌండుకి.
తడిసిన రెండు వేళ్లూ విడిగా చాచి పట్టుకుని,
తొడుగు జేబులోనే ఉంచి.
నేను గడియారం సున్నాకి తిప్పాను.